కింగ్ క్రిమ్సన్ ‘యూఎస్‌ఏ’: ఆ వయొలిన్ ఎవరిదండీ? (తరచుగా అడిగే ప్రశ్నలు)

ప్రోగ్రెసివ్ రాక్ (పొడవాటి, చిక్కు తాళాల రాక్ సంగీతం) వినే తెలుగువాళ్లం ఎక్కువ మందిమి లేం. ఉన్నవాళ్లలో ఎవరికైనా ఈ రికార్డు చేతిలో పెడితే వారం తిరక్కుండా ఫోన్ చేస్తారు. అడిగేవి మాత్రం ఎప్పుడూ అవే ప్రశ్నలు. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ఇంతకీ ఏమిటీ ‘యూఎస్‌ఏ’?

కింగ్ క్రిమ్సన్ అనే ఇంగ్లండ్ బ్యాండు 1974 వేసవిలో అమెరికాలో చేసిన కచేరీల్లోంచి తీసిన లైవ్ ఆల్బమ్. 1975లో ఎల్పీగా వచ్చింది. గిటార్ రాబర్ట్ ఫ్రిప్, బేస్ గిటారూ పాటా జాన్ వెటన్, డ్రమ్స్ బిల్ బ్రూఫర్డ్, వయొలినూ కీబోర్డులూ డేవిడ్ క్రాస్. 1969లో మొదటి ఆల్బమ్ చేసినవాళ్లలో అప్పటికి మిగిలింది ఫ్రిప్ ఒక్కడే. బ్రూఫర్డ్ అయితే ‘యెస్’ బ్యాండు మంచి ఊపు మీదున్నప్పుడు, 1972లో దాన్ని వదిలేసి ఇటు వచ్చాడు. పేరూ డబ్బూ ఉన్న ఇంట్లోంచి లేచి, రేపేం జరుగుతుందో తెలియని ఇంట్లో కాలు పెట్టడం లాంటిది అది.

అట్ట మీద ‘ఆర్.ఐ.పి.’ అని ఎందుకుంది?

రికార్డు బయటికొచ్చేసరికి బ్యాండే లేదు కాబట్టి. 1974 సెప్టెంబరులో ఫ్రిప్ దుకాణం కట్టేశాడు, ఇక మళ్లీ తెరిచేది లేదన్నాడు. 1981లో మళ్లీ తెరిచాడు, అది వేరే కథ. 1975లో ఎల్పీ కొన్నవాళ్లకి మాత్రం ఇది పోయినవాళ్ల గొంతు.

ఏ ఊళ్లో, ఏ రోజు రికార్డు చేశారు?

ముఖ్యంగా న్యూజెర్సీలోని ఆస్బరీ పార్క్‌లో, 1974 జూన్ 28, శుక్రవారం రాత్రి. చివరి పాట ‘ట్వంటీఫస్ట్ సెంచురీ స్కిజాయిడ్ మాన్’ ఒక్కటీ రెండు రోజుల తర్వాత, జూన్ 30న, రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్‌లో చేసింది. ఆ మర్నాడు, జూలై 1న, న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో వాయించారు. ఈ నలుగురూ కలిసి వేదిక ఎక్కడం అదే ఆఖరు.

అంటే మీరు వినేది ఒక బ్యాండు చివరి వారం. అయితే విన్నప్పుడు అలసట ఎక్కడా తగలదు. చిరాకు తగులుతుంది, అక్కడక్కడా కోపం కూడా.

కచేరీ జరిగింది క్యాసినోలోనట కదా? జూదం మధ్యలో వాయించారా?

లేదు. ఆ కాలపు సముద్రతీరపు ఊళ్లలో క్యాసినో అంటే వినోదశాల. ఆస్బరీ పార్క్‌లో చెక్క బాట చివర, నీళ్ల అంచున కట్టిన పెద్ద భవనం అది.

న్యూజెర్సీలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. ఎడిసన్‌లో ఇడ్లీ తిని బయల్దేరితే గంటలోపు ఆ తీరంలో ఉంటాం. నేనూ అలాగే ఓ ఆదివారం వెళ్లాను. భవనం బోలుగా ఉంది, పెద్ద పెద్ద కిటికీల్లోంచి ఆకాశం కనిపిస్తోంది, గోడల మీద ఎవరో రంగురంగుల బొమ్మలు వేశారు. లోపలి బాటలో ఒకాయన గిటార్ వాయిస్తూ డబ్బాలో చిల్లర వేయించుకుంటున్నాడు. చప్పుడు గోడకి కొట్టుకుని ఒక క్షణం ఆలస్యంగా వెనక్కి వస్తోంది. రికార్డులో వెటన్ బేస్ చుట్టూ ఉండే గుంయ్‌మనే గాలి ఎక్కడిదో అప్పుడు తెలిసినట్టనిపించింది. ఇది నా ఊహే, సైన్సు కాదు. మా ఆవిడ మాత్రం “ఇది చూడ్డానికా ఇంత దూరం తీసుకొచ్చింది?” అంది.

అసలు ప్రశ్న: ఆ వయొలిన్ ఎవరిది?

నేను మూడేళ్లపాటు తప్పుగా చెప్పిన జవాబు ఇది. హైదరాబాద్‌లో హాస్టల్ సీనియర్ ఒకాయన ఇచ్చిన కాపీ సీడీలో మొదటిసారి విన్నాను. ‘లార్క్స్ టంగ్స్ ఇన్ ఆస్పిక్, పార్ట్ టూ’లో వయొలిన్ వినగానే డేవిడ్ క్రాస్‌కి భక్తుణ్ణయిపోయాను. కనబడ్డవాడికల్లా ఆ సోలో వినిపించి, “చూశావా, వేదిక మీద అంత మోతలో ఎంత శ్రుతిగా వాయించాడో” అని ఊదరగొట్టాను. కాపీ సీడీకి అట్ట ఉండదుగా, పేర్లు చదివే అవకాశం లేదు.

అక్కడ వినపడేది క్రాస్ కాదు, ఎడ్డీ జాబ్సన్. ఆ రాత్రి ఆయన ఆస్బరీ పార్క్‌లో లేనే లేడు. టూరు అయిపోయాక, బ్యాండు మూతబడ్డాక, స్టూడియోలో కూర్చుని క్రాస్ వాయించిన చోట మళ్లీ వాయించాడు. ‘లార్క్స్ టంగ్స్’లోనూ ‘స్కిజాయిడ్ మాన్’లోనూ వయొలిన్, ‘లమెంట్’లో ఎలక్ట్రిక్ పియానో జాబ్సన్‌వి.

ఎందుకలా చేశారు? క్రాస్‌కి వాయించడం రాదా?

వస్తుంది. ఎటొచ్చీ ఆయన వాయించేది ఆయనకే వినపడేది కాదు.

వెటన్, బ్రూఫర్డ్ జంటని ఎగిరొచ్చే ఇటుక గోడతో పోల్చాడు ఫ్రిప్. 1972లో ఈ జట్టు మొదలైనప్పుడు నెమ్మదిగా, కొంచెం జానపదంలా, కొంచెం చాంబర్ సంగీతంలా వాయించే చోట్లు చాలా ఉండేవి. వయొలిన్‌కి అక్కడ నీడ దొరికేది. ఏడాది తిరిగేసరికి బేస్ పెరిగింది, దాంతో డ్రమ్స్ పెరిగాయి, వాటిని అందుకోవడానికి గిటార్ పెరిగింది. వయొలిన్‌ని ఎంతని పెంచుతారు? ఓ స్థాయి దాటితే మైకు కూత పెడుతుంది. గిటార్‌కి మెట్లుంటాయి, వేలు పెట్టిన చోట స్వరం పలుకుతుంది. వయొలిన్‌కి మెట్లు లేవు. చెవి చెప్పిందే వేలు వినాలి. చెవికే ఏమీ వినపడకపోతే శ్రుతి జారక ఏం చేస్తుంది?

మన కచేరీల్లో వయొలిన్ విద్వాంసులు కింద కూర్చుని, వాద్యాన్ని గుండెకీ పాదానికీ మధ్య ఆనించుకుంటారు. వాళ్ల పద్ధతిలో గడ్డం కింద, చెవికి జానెడు దూరంలో ఉంటుంది. అంత దగ్గరున్నదే వినపడలేదంటే ఆ వేదిక మీద మోత ఎంతో లెక్కేసుకోండి. మృదంగం, ఘటం, కంజిర ముగ్గురూ కలిసి తని ఆవర్తనం ముగింపులో ఉన్న ఊపుతో కచేరీ మొత్తం వాయిస్తుంటే, పక్కన వయొలిన్ రాగం ఆలపించాలి. క్రాస్‌ది ఆ పరిస్థితి.

పైగా ఆయన చేతకానితనమేమీ లేదనడానికి రుజువు ఆ ఎల్పీలోనే ఉంది. ‘ఎక్సైల్స్’ వినండి. అందులో వయొలిన్ క్రాస్‌దే, ఎవరూ ముట్టుకోలేదు. మిగతావాళ్లు కాస్త గొంతు తగ్గించిన చోట ఆయన ఎలా పలికించాడో అక్కడ తెలుస్తుంది. మొదటి పాటలో ఒకరి వయొలిన్, మూడో పాటలో ఇంకొకరి వయొలిన్. నాలాంటివాళ్లం ఏళ్లపాటు తేడా పట్టుకోలేదు, అది మా చెవి తప్పు.

అయితే జాబ్సన్ చేసింది మోసమా?

ఆయన్నేమీ అనకండి. అప్పటికి ఇరవయ్యేళ్లు నిండీ నిండని కుర్రాడు, రాక్సీ మ్యూజిక్ అనే బ్యాండులో వాయించేవాడు. పని అప్పగించారు, చేశాడు, అదీ బ్రహ్మాండంగా చేశాడు. అట్ట మీద పేరు కూడా వేశారు, దాచిందేం లేదు. లైవ్ ఆల్బమ్‌లని స్టూడియోలో సరిదిద్దడం ఆ రోజుల్లో అందరూ చేసిన పనే.

నా అభ్యంతరం వేరే. జాబ్సన్ వయొలిన్ మరీ నున్నగా ఉంది. మిగతా ముగ్గురూ చెమటలు కక్కుతుంటే ఆయన పక్క గదిలో ఏసీ వేసుకుని వాయిస్తున్నట్టుంటుంది. క్రాస్ అసలు టేపులో ఆ సోలో గీరుకుపోతుంది, ఒకటి రెండు చోట్ల స్వరం కిందికి జారి మళ్లీ ఎక్కుతుంది. గోడ మీదికొస్తుంటే మనిషి చేతులు అడ్డం పెట్టిన చప్పుడు అది. నాకు అదే కావాలి.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. 1977లో వెటన్, బ్రూఫర్డ్, జాబ్సన్, గిటారిస్టు అలన్ హోల్డ్స్‌వర్త్ కలిసి కొత్త బ్యాండు పెట్టారు. దాని పేరు ‘యూకే’. ఈ రికార్డులో టేపు మీద మాత్రమే కలిసినవాళ్లు అలా నిజంగానే కలిశారు.

రీఇష్యూలు చాలా ఉన్నాయి. ఏది కొనాలి?

ఎవరికైనా నేను చెప్పేది 40వ వార్షికోత్సవ ఎడిషనే. 2013లో సీడీ, డీవీడీ-ఆడియో జంటగా వచ్చింది. ఒకే కచేరీకి వేర్వేరు కాలాల్లో చేసిన మిక్సులు అందులో ఉన్నాయి. క్రాస్ తన వయొలిన్ తాను వాయించుకున్న మిక్సూ అందులో ఉంది.

దానికి ముందు సంగతి: ఈ ఆల్బమ్ సీడీగా రావడానికి 2002 దాకా పట్టింది. 30వ వార్షికోత్సవం పేరుతో వచ్చిన ఆ సీడీలో ‘ఫ్రాక్చర్’, ‘స్టార్‌లెస్’ కొత్తగా చేర్చారు. ఎల్పీలో లేవు కాబట్టి వాటికి జాబ్సన్ చెయ్యి తగల్లేదు. మా సీనియర్ కాపీ కొట్టింది ఈ సీడీనే. అంటే నేను ఒకే సీడీలో ఇద్దరు వయొలినిస్టులని విని ఒక్కడే అనుకున్నాను. 2005లో ఫ్రిప్ సొంత సంస్థ డీజీఎం ఆ రాత్రి కచేరీని డౌన్‌లోడ్‌గా ఇచ్చింది. అందులో ఓవర్‌డబ్బులు, అంటే తర్వాత స్టూడియోలో కలిపినవి, లేవు. నా పరువు పోయింది అప్పుడే.

పాత ఎల్పీ కావాలంటే జాగ్రత్త. నేను ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర ‘దాదాపు కొత్తది’ అని చూసి తెప్పించుకుంటే అప్పడంలా వంగిన పళ్లెం వచ్చింది. సూది దాని మీద పడవలా లేస్తూ పడుతూ పోయేది, మెలొట్రాన్ అనే కీబోర్డు శ్రుతి తప్పిందో నా రికార్డు వంగిందో తెలిసేది కాదు. కొనేముందు అంచు వైపు నుంచి తీసిన ఫోటో అడగండి.

ఎల్పీలో పాటలు కోశారంటారు, నిజమేనా?

నిజం. ‘ఈజీ మనీ’ మంచి రసపట్టులో ఉండగా వాల్యూమ్ తగ్గిపోయి మాయమవుతుంది. మొదటిసారి నా స్పీకర్లు పాడయ్యాయనుకున్నాను. ‘ఆస్బరీ పార్క్’ని కూడా కత్తిరించే వేశారు. ఎల్పీకి ఒక వైపు ఇరవై నిమిషాల పైచిలుకు మాత్రమే పడుతుంది, వాళ్ల ఇబ్బంది వాళ్లది. డౌన్‌లోడ్‌లో పూర్తిగా వినొచ్చు.

‘ఆస్బరీ పార్క్’ అనే పాట ఆ ఊరి మీద రాసిందా?

అసలు రాసిందే కాదు. అక్కడికక్కడ పుట్టింది. ఏ ఊళ్లో పుడితే ఆ ఊరి పేరు పెట్టడం వీళ్ల అలవాటు. వీళ్లదే ‘రెడ్’ అనే స్టూడియో ఆల్బమ్‌లోని ‘ప్రావిడెన్స్’ కూడా అలాంటిదే, అదీ జూన్ 30 రాత్రి పుట్టిందే.

మన దగ్గర మనోధర్మం అంటాం. తేడా ఏమిటంటే మనకి రాగం ఉంటుంది, తాళం ఉంటుంది, ఆ గీతల మధ్య ఎగరొచ్చు. వీళ్లు ముందే ఏదీ ఒప్పుకోకుండా దిగేవాళ్లు. ఈ ఏడు నిమిషాల్లో మొదట వెటన్ ఒక బేస్ వరస పట్టుకుంటాడు. నేలలోంచి వస్తున్నట్టుండే గరుకు వరస అది. బ్రూఫర్డ్ దాని కిందికి దూరతాడు. ఒకసారి ఆ ఇద్దరూ కుదురుకున్నాక ఫ్రిప్ గిటార్ పైనుంచి గెద్దలా తిరుగుతుంది. ఒక్క చోట కూడా ‘ఇప్పుడేం చేద్దాం’ అన్న తటపటాయింపు లేదు. మొత్తం రికార్డులో నాకు బాగా ఇష్టమైనది ఇదే. మిగతావన్నీ మరోచోట మరోలా విన్నాం, ఇది ఆ రాత్రి తప్ప ఇంకెప్పుడూ లేదు.

వాయించకుండా ఉండడం కూడా మనోధర్మమే అనడానికి ఈ బ్యాండులోనే ఒక కథ ఉంది. 1973 నవంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో ‘ట్రియో’ అనే ముక్క అప్పటికప్పుడు పుట్టింది. అది జరుగుతున్నంతసేపూ బ్రూఫర్డ్ కర్రలు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు, ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. రికార్డు వేసినప్పుడు మిగతా ముగ్గురితో సమానంగా ఆయన పేరూ రచయితగా వేశారు. వేలు పెట్టకపోవడమే ఆయన చేసిన సాయమని.

తాళం అందట్లేదు. ఎలా లెక్కపెట్టాలి?

మనవాళ్లకి ఇది తేలిక. ‘లార్క్స్ టంగ్స్’ మొదటి గిటార్ వరసకి పది చిన్న దెబ్బలు. నోటితో ‘తకిట తకిట తక తక’ అనుకోండి, సరిగ్గా కూర్చుంటుంది. కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లలెవరైనా ఇంట్లో ఉంటే రెండో నిమిషానికే చేత్తో తాళం వేసేస్తారు. ‘స్టార్‌లెస్’ మధ్య భాగం పదమూడు. అక్కడ లెక్క మానేసి బేస్‌ని పట్టుకోవడం మంచిది, ఒడ్డుకి అదే చేరుస్తుంది.

‘స్టార్‌లెస్’ని ‘రెడ్’లో విన్నాం. ఇక్కడ కొత్తేముంది?

ఆ రాత్రి హాల్లో ఉన్నవాళ్లెవరూ ఆ పాటని రికార్డులో విని ఉండరు. ‘రెడ్’ బయటికొచ్చింది 1974 అక్టోబరులో, ఇది జూన్. తెలియని పాటకి జనం ఎలా మౌనంగా అయిపోతారో గమనించండి.

రెండోది, మొదటి రాగం. స్టూడియోలో అది గిటార్ మీద వస్తుంది. ఇక్కడ క్రాస్ వయొలిన్ మీద వస్తుంది, ఇంకొంచెం వణుకుతో. స్టూడియో పాటలో సాక్సఫోన్లు ఉన్నాయి, ఇక్కడ లేవు. ఉన్న నలుగురే ఆ బరువంతా మోయాలి. మధ్యలో ఫ్రిప్ ఒకే స్వరాన్ని రెండు తీగల మీద మార్చి మార్చి మీటుతూ, మెల్లిగా ఒక్కో మెట్టే ఎక్కుతూ పోతాడు. వంటింట్లో కుక్కర్ విజిల్ కోసం ఎదురుచూడ్డం లాంటి నిమిషాలవి. విజిల్ వచ్చినప్పుడు మాత్రం మూత పైకప్పుకి తగులుతుంది.

మెలొట్రాన్ అంటే?

కీబోర్డులా ఉంటుంది. ఒక్కో మెట వెనకా ఒక టేపు ముక్క, దాని మీద ముందే రికార్డు చేసిన వయొలిన్లో, వేణువులో, కోరస్ గొంతులో ఉంటాయి. మెట నొక్కితే ఆ టేపు నడుస్తుంది. ఎనిమిది సెకన్లకి అయిపోతుంది, వేలు తీసి మళ్లీ నొక్కాలి. వేడికీ తేమకీ అలుగుతుంది. సముద్రం ఒడ్డున, జూన్ నెలాఖరులో దాన్ని వాయించినవాళ్ల ఓపికకి దండం పెట్టాలి.

మొదట్లో వచ్చే ఆ ధ్వని ఏమిటి?

బ్యాండు వేదిక మీదికి నడిచొస్తుండగా వేసిన టేపు. ఫ్రిప్, బ్రయన్ ఈనో కలిసి 1973లో విడుదల చేసిన ఆల్బమ్‌లోది. అర నిమిషమే ఉంటుంది.

పాటల సాహిత్యం ఎవరిది?

‘లమెంట్’, ‘ఎక్సైల్స్’, ‘ఈజీ మనీ’ రాసింది రిచర్డ్ పామర్-జేమ్స్. సూపర్‌ట్రాంప్ బ్యాండు మొదటి మనుషుల్లో ఒకడు. ‘ఎక్సైల్స్’ ఇల్లొదిలి వెళ్లిపోయినవాడి పాట. దాన్ని న్యూజెర్సీలో కూర్చుని వినే తెలుగువాడికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. జాన్ వెటన్ 2017 జనవరిలో పోయినప్పుడు ఆ రాత్రి నేను పెట్టుకున్నది ఇదే.

‘ఎర్త్‌బౌండ్’ కూడా లైవేగా, దాని కంటే ఇది మేలా?

వినడానికి చాలా మేలు. ‘ఎర్త్‌బౌండ్’ ఈ బ్యాండే 1972లో వేరే మనుషులతో చేసింది, క్యాసెట్ మీద రికార్డు చేశారు. ఆ నాణ్యత చూసి అమెరికాలో విడుదల చెయ్యడానికే ఒప్పుకోలేదు. గోడకవతల పెళ్లి బాజా వింటున్నట్టు ఉంటుంది. అదీ ఇష్టమే అనే మిత్రులున్నారు, వాళ్లతో నేను వాదించను.

ఇంట్లో పెడితే “ఆ గోల ఆపు” అంటున్నారు. ఏం చెయ్యాలి?

‘స్కిజాయిడ్ మాన్’తో మొదలెట్టి ఉంటారు, తప్పు మీదే.

మరి ఏ వరసలో వినాలి?

ముందు ‘ఎక్సైల్స్’. తర్వాత ‘ఆస్బరీ పార్క్’, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. మర్నాడు ‘ఫ్రాక్చర్’, ‘స్టార్‌లెస్’ వెంటవెంటనే. ‘ఫ్రాక్చర్’లో ఫ్రిప్ కుడిచెయ్యి ఆగకుండా మీటే భాగం ఉంది, గిటార్ వాయించే స్నేహితులుంటే వాళ్లకి వినిపించి మొహం చూడండి.

ఇంత దాకా వచ్చాక, 1992లో నాలుగు సీడీల పెట్టెగా వచ్చిన ‘ది గ్రేట్ డిసీవర్’ సంపాదించండి. ప్రావిడెన్స్ కచేరీ అందులో ఉంది, క్రాస్ వయొలిన్‌తోనే. ఆ ‘స్కిజాయిడ్ మాన్’నీ ‘యూఎస్‌ఏ’లోని ‘స్కిజాయిడ్ మాన్’నీ పక్కపక్కన పెట్టి వినండి. అదే రాత్రి, అదే గిటార్, అవే డ్రమ్స్. వయొలిన్ ఒక్కటే వేరు. ఏది ఎవరిదో చెప్పకుండా మా తమ్ముడికి రెండూ వినిపించాను. కళ్లు మూసుకుని శ్రద్ధగా విని, జాబ్సన్‌దే బాగుందన్నాడు. దసరాకి మొదలైన వాదన, సంక్రాంతి వచ్చినా తెగలేదు.